పువ్వులేడ్చిన ప్లేటు

నిన్నటిదాకా ఒక మాట చెప్పి ఇవాళ ఇంకో మాట చెప్పే పెద్దమనిషిని "ప్లేటు ఫిరాయించాడు" అంటాం. ఈ ప్లేటు ఇడ్లీ తినే ప్లేటు కాదండోయ్, గ్రామఫోను ప్లేటు. ఒక వైపు పాట అయిపోయాక రెండో వైపు తిప్పి పెడితే, అందాకా భక్తిగా భజన చేసిన ప్లేటే ఉన్నట్టుండి సరసాలాడడం మొదలెట్టేది. అలా వచ్చింది ఆ మాట అంటారు పెద్దలు. చెప్పిందే చెప్పి ప్రాణం తీసేవాడు "అరిగిపోయిన రికార్డు". వెనక నుంచి ఎగదోసేవాడు "కీ ఇచ్చేవాడు". ఈ మూడోదాని మీద గోడగడియారానికి కూడా హక్కు ఉంది కాబట్టి పంచాయితీ పెట్టను. యంత్రం అటకెక్కి ఎన్నో ఏళ్లయింది. అది మన నోట్లో వదిలిపెట్టిన మాటలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఆ ప్లేట్లలో ఒక్కదాని గురించి చెప్పుకుందాం. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు పాడిన "పుష్పవిలాపం". పద్యాలు కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారివి, "ఉదయశ్రీ" కావ్యంలోవి. సినిమాలోది కాదు, నాటకంలోది కాదు. హిరణ్యకశిపుడు, ప్రహ్లాదుడు, రాయబారం, స్వయంవరం ఏమీ లేవు. పొద్దున్నే పూజకి పువ్వులు కోద్దామని ఒకడు తోటలోకి వెళతాడు, పువ్వులు అతన్ని నాలుగు మాటలంటాయి, ఉత్తచేతులతో తిరిగి వస్తాడు. కథంతా అంతే. ఈ కాస్త కథ తెలుగుదేశంలో పూరిగుడిసెల దాకా ఎలా వెళ్లిందన్నదే విచిత్రం.

ముందు ఆ ప్లేటు సంగతి. మనవాళ్లు దాన్ని "నల్లప్లేటు" అనేవారు. అది దేనితో చేసేవారో ఇప్పటి పిల్లల్ని అడిగితే ప్లాస్టిక్కు అంటారు. కాదు, లక్క. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగు కక్కిన బంకని శుద్ధి చేసి, అందులో రాతిపొడి, మసి, కాస్త దూదిపీచు కలిపి, వేడి మీద అచ్చులో నొక్కితే ప్లేటయ్యేది. నిమిషానికి 78 చుట్లు. పది అంగుళాల వెడల్పు. ఒక్కో వైపు మూడు నిమిషాలు, మరీ బిగించి పాడితే ఇంకో పావు నిమిషమో అర నిమిషమో. చేయి జారితే పెంకులు. ఎండలో మరచిపోతే అప్పడంలా వంకర. లోకానికంతటికీ ఈ లక్క ఎక్కువగా మన దేశపు అడవుల నుంచే వెళ్లేది. లండనులో పాడినా, మిలానులో పాడినా ఆ గొంతు చివరికి మన పురుగు కక్కిన బంకలోనే అచ్చుపడాలి!

మా మాకవరపాలెం వాళ్లకి ఈ లక్క కొత్తది కాదు. ఏటికొప్పాక మాకు దూరం కాదు. వరాహనది ఒడ్డున ఆ ఊరి వడ్రంగులు అంకుడు కర్రని యంత్రం మీద తిప్పుతూ, దానికి రంగులక్క కడ్డీ ఆనించి, ఆ ఒరిపిడికి పుట్టే వేడితోనే కర్రకి లక్క పట్టిస్తారు. బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఏమన్నమాట? తిరుగుతున్న కర్రకి లక్క పట్టిస్తే బొమ్మ. తిరుగుతున్న లక్కకి సూది ఆనిస్తే పాట. దుర్యోధనుడు లక్కతో ఇల్లు కట్టించి పాండవుల్ని కాల్చెయ్యబోయాడు. గ్రామఫోను కంపెనీవాడు అదే లక్కతో ప్లేట్లు చేసి పాండవుల పద్యాల్ని బతికించాడు. లక్కలో దోషం లేదు, చేతిని బట్టి ఉంటుంది.

ఆ కంపెనీ మన దేశంలో మొదటిసారి గొంతులు పట్టుకొన్నది 1902లో, కలకత్తాలో. 1908లో కలకత్తా సియాల్‌దాలో ప్లేట్ల ఫ్యాక్టరీ పెట్టారు. తరవాత 1928లో అది డమ్‌డమ్‌కి మారింది. గొట్టం ముందు కూర్చుని చెవులు రిక్కించిన కుక్కబొమ్మ మనందరికీ తెలిసిందే. "హిజ్ మాస్టర్స్ వాయిస్" అని చదవలేనివాళ్లు దాన్ని "కుక్కమార్కు" అన్నారు. నా ఉద్దేశంలో కంపెనీవారి పేరు కంటే అదే సుఖమైన పేరు.

డమ్‌డమ్ అన్నాను కనక ఒక పిట్టకథ. ఇంగ్లండులో బీటిల్స్ అనే నలుగురు జుట్టుకుర్రాళ్లు 1963 ఫిబ్రవరి 11న ఒక్కరోజు స్టూడియోలో కూర్చుని పది పాటలు పాడేసి తమ మొదటి లాంగ్‌ప్లే రికార్డు పూర్తి చేశారు. ఆ స్టూడియో ఇ.ఎం.ఐ. వారిది. మన కుక్కమార్కు కంపెనీకి మాతృసంస్థ కూడా అదే. అప్పటికి పై దేశాలవాళ్లు లక్క ప్లేట్లని వదిలేసి, 45 చుట్లవి, 33 చుట్లవి ప్లాస్టిక్కు రికార్డులకి మళ్లిపోయారు. ఇక్కడ మాత్రం ఇంకా ఊరూరా కీ ఇచ్చే పెట్టెలే. అంచేత బీటిల్స్ పాటల్ని కూడా ఇక్కడ 78 చుట్ల మీద అచ్చేశారు. ఇవాళ విదేశాల్లో పాత రికార్డులు పోగుచేసేవాళ్లు ఆ ప్లేట్ల కోసం తపస్సు చేస్తారు. ఆ కుర్రాళ్ల గిటారూ, మన ఘంటసాలవారి పద్యమూ ఒకే కంపెనీవారి ఫ్యాక్టరీలోంచి వచ్చాయన్నమాట. వాళ్ల అభిమానులు నేటికీ ఆ మొదటి రికార్డుని తీసి, "తరవాతివి ఎన్నైనా రానీ, ఆ పచ్చిగొంతు ఇందులోనే ఉంది" అంటారట. అది వాళ్ల ధోరణి. మనకీ అలాంటి ప్లేటు ఒకటి ఉంది కదా అనే నా గోల. ఇంకో సంగతి. ఘంటసాలగారు పోయింది కూడా ఫిబ్రవరి 11నే, 1974లో. ఈ రెండు తేదీలకీ సంబంధం ఏమీ లేదు. తేదీలు పోల్చి చూసుకోవడం నాకున్న జబ్బు, అంతే.

ఘంటసాలగారు పుట్టింది 1922 డిసెంబరు 4న, గుడివాడ దగ్గర చౌటపల్లిలో. తండ్రి సూర్యనారాయణగారు తరంగాలు పాడుతూ నాట్యం చేసేవారు. బిడ్డని భుజాన ఎక్కించుకుని తిరిగేవారని చెబుతారు. కృష్ణాజిల్లా బిడ్డే గాని, ఆ గొంతుకి సంస్కారం పట్టింది మా ఉత్తరాంధ్ర గాలిలో. 1919లో విజయనగరంలో వెలిసిన మహారాజావారి సంగీత కళాశాలకి మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆయన తరవాత ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఆ కళాశాల మెట్లెక్కిన కుర్రాడికి పట్రాయని సీతారామశాస్త్రిగారు ఇంట్లో చోటిచ్చి, డబ్బడక్కుండా పాఠం చెప్పారు. పూట గడవక ఆ కుర్రాడు జోలె పట్టి ఇంటింటా మధుకరం అడుక్కుని తిన్నాడు. ఆ ఊళ్లో కళావర్ రింగు అని ప్రసిద్ధికెక్కిన గాయని ఆదరించి అన్నం పెట్టింది. ఇవన్నీ తరవాత ఆయన మరచిపోలేదు. గురువుగారి కుమారులు పట్రాయని సంగీతరావుగారిని సహాయకుడిగా దగ్గర పెట్టుకుని చివరిదాకా పనిచేశారు. ఆ సంగీతరావుగారు నూరేళ్లు నిండు జీవితం గడిపి 2021లో వెళ్లిపోయారు.

1942లో క్విట్ ఇండియా అని జైలుకి వెళ్లడం, బయటికొచ్చాక మద్రాసు చేరడం, 1945లో "స్వర్గసీమ"లో గొంతు వినిపించడం, 1949లో "కీలుగుర్రం", 1951లో "పాతాళభైరవి", 1953లో "దేవదాసు" ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి దాటేస్తున్నాను. ఇక్కడ కావలసింది ఒక్కటే. సినిమాలో పాట ఎవరో ఒకరి నోటికోసం పాడాలి. నాగేశ్వరరావుకి ఒక రకం, రామారావుకి ఒక రకం. సొంతంగా ఇచ్చిన ప్లేటులో ఆ బెడద లేదు. పెదవి కదిపే మనిషి లేడు. గొంతు గొంతుగానే మన ముందుకి వస్తుంది. బాణీ కూడా ఆయనదే. అందుకే ఆయన్ని ఎవరి నీడా లేకుండా వినాలంటే ఈ విడి రికార్డులే వినాలంటాను.

సరే, పద్యంలోకి వద్దాం. అప్పటిదాకా పద్యం అంటే నాటకం. మా వైపు తీర్థాల్లో, సంబరాల్లో తెల్లవార్లూ నాటకాలు ఆడేవారు. కృష్ణుడు ఒక పద్యం ఎత్తుకున్నాడంటే రాగం తియ్యడం మొదలెట్టి, తీసి తీసి, హార్మోనియం ఆయాసపడేదాకా తీసి, ఆఖరి అక్షరం మీద అరగంట కూర్చుంటే జనం "వన్స్‌మోర్" అని ఈలలు వేసేవారు. దాన్ని నేను తక్కువ చెయ్యను. అదో రుచి. తిరుపతి వేంకటకవుల పద్యాలు ఎద్దులబండి తోలేవాడి నోట్లో కూడా ఆడాయంటే ఆ ఈలల చలవే. పీసపాటి నరసింహమూర్తిగారి కృష్ణుణ్ణి చూసినవాళ్లు మా పక్క ఇంకా ఆ ఊసే చెప్పుకుంటారు. అయితే ఆ రాగాల వరదలో పద్యంలోని మాట కొట్టుకుపోయేది. అర్థం తెలియని శ్రోత రాగానికి చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లేవాడు.

ఘంటసాలగారికి ప్లేటు మీద దొరికింది మూడు నిమిషాలూ, మళ్లీ తిప్పితే ఇంకో మూడూ. అందులో ఇన్ని పద్యాలు కుదించాలి. రాగం తీస్తూ కూర్చుంటే ఒక పద్యంతోనే ప్లేటు నిండిపోతుంది. అంచేత ఆయన రాగాన్ని చిటికెడు చేశారు. పద్యం ముందు ఒక చిన్న పలకరింపు, పాదం చివర ఒక చిన్న మలుపు, అంతే. మాట మీద మాట పడకుండా, ఒత్తులు ఒత్తులుగా, సంధి విడిపోయేచోట కాస్త ఊపిరిచ్చి, సమాసాన్ని విరవకుండా పాడారు. సాంకేతికమైన ఇరుకులోంచి ఒక శైలి పుట్టింది. తరవాత సినిమాల్లో ఆయన పాడిన పౌరాణిక పద్యాలకి పునాది ఇక్కడే ఉంది. "ఘంటసాల బాణీ పద్యం" అని మనం ఇవాళ అనుకునేదానికి గురువులు చాలామందే గాని, అందులో లక్కప్లేటు కూడా ఒకటని నా గట్టి నమ్మకం.

మొదటి పద్యం ఉత్పలమాల. పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, నాలుగు పాదాలకి 80 అక్షరాలు. ఛందస్సు పాఠం చెప్పే పంతులుగారు భ-ర-న-భ-భ-ర-వ అని బల్ల మీద బెత్తంతో కొట్టి చెప్పినా ఎక్కనిది ఈ ప్లేటు నాలుగుసార్లు విన్న పిల్లాడికి ఎక్కేసింది. గణాలు తెలియవు, నడక తెలిసిపోయింది. హైస్కూల్లో మాకు ఛందస్సు మొదలెట్టిన రోజున ఉత్పలమాల పేరు వినగానే వెనకబెంచీలోంచి ఒకడు "అది పువ్వుల పద్యం కదండీ" అన్నాడు. చెప్పిన పంతులుగారు కొట్టలేదు, "అదేరా" అన్నారు. చదువు రానివాడికి సాహిత్యం అందదు అంటారు గాని, ఈ పద్యాలు చెవిలోంచి లోపలికి వెళ్లినంతగా పుస్తకంలోంచి వెళ్లలేదు.

పద్యాలమధ్య చిన్న చిన్న వచనం ముక్కలున్నాయి. అవి పాట కాదు, మాటే. దేవుణ్ణి ఉద్దేశించి, జరిగింది చెప్పుకుంటున్నట్టుగా ఉంటాయి. ఒక సన్నజాజి కన్నె సన్నగొంతుతో మాట్లాడిందంటాడు. ఒక గులాబిబాల కోపంతో ముఖం ఎర్రబరచుకుందంటాడు. జాజి సన్నగా ఉంటుంది కనక గొంతు సన్నన, గులాబి ఎర్రగా ఉంటుంది కనక కోపం. చూశారూ, పసిపిల్లాడికి కూడా బోధపడే అలంకారం! ఈ వచనంలో ఘంటసాలగారు చేసిన పని పద్యంలో చేసినదానికి తీసిపోదు. గొంతు కొంచెం దించి, పక్కింటివాడికి చెబుతున్నట్టు చెబుతారు. వెంటనే పద్యంలోకి వెళ్లేటప్పుడు ఆ దిగిన గొంతు లేస్తుంది. ఆ లేవడంలో రోమం నిక్కబొడుచుకుంటుంది. రాగం పేరు తెలియక్కర్లేదు.

పువ్వులు ఏమంటాయి? ఉన్న కాసేపు ఆయుష్షూ తీగతల్లి ఒళ్లో ఊగుతాం, గాలికి సువాసన రాస్తాం, వచ్చిన తుమ్మెదకి తేనె విందు చేస్తాం, వేళయితే తల్లి కాళ్ల దగ్గరే కళ్లు మూస్తాం, మధ్యలో నీకేం పని అంటాయి. అంతదాకా బతిమాలడమే. తరవాత నిలదీస్తాయి. దారంతో గొంతు బిగించి, గుండెల్లో సూది గుచ్చి, జడల్లో ముడుచుకునే మీ ఆడవాళ్లకి దయ లేదంటాయి. రాత్రి పానుపు మీద నలిపి, తెల్లవారగానే చీపురుతో ఊడ్చి పారేస్తారంటాయి. చివరికి, బుద్ధుడు పుట్టిన నేల మీద పుట్టి, పుట్టుకతో రావలసిన ప్రేమ నీలో ఎలా చచ్చిపోయిందని అడుగుతాయి. ఒక చిన్న విశేషం గమనించండి. సూది సంగతి, బుద్ధుడి సంగతి రెండూ తేటగీతులు. బతిమాలడానికి ఇరవై అక్షరాల పెద్దపాదం, ఎత్తిపొడవడానికి చిన్నపాదం. ఇంట్లో దెబ్బలాట విన్నవాళ్లకి ఈ రహస్యం విడిగా చెప్పక్కర్లేదు.

ఇక ఈ ప్లేటు ఎక్కడ పెట్టేవారో వింటే నవ్వొస్తుంది. పెళ్లిళ్లలో! మైకుసెట్టువాడు తెల్లవారుజామున వేపచెట్టుకి గొట్టం కట్టి, బ్యాటరీ తగిలించి, ముందు వెంకటేశ్వరస్వామి పాట, ఆ తరవాత ఇది. పందిట్లో ఆడవాళ్లందరి జడల్లోనూ బారెడు మల్లెదండలు. పైనుంచి గొట్టం "దయలేనివాళ్లు మీ ఆడవాళ్లు" అని తిడుతూంటే కింద వాళ్లు ఒకరి దండ ఒకరు సర్దుకుంటూ శ్రద్ధగా విని, కొంగుతో కళ్లు ఒత్తుకుని, "ఎంత బాగా పాడాడమ్మా!" అనుకునేవారు. దండ తీసి పక్కన పెట్టినవాళ్లని నేను చూడలేదు. మళ్లీ కావాలంటే, "ఓలబ్బీ, ఆ పువ్వులేడుపు ప్లేటు ఇంకోపాలి పెట్టు" అని చిన్నపిల్లణ్ణి తోలేవారు. మైకువాడు విసుక్కునేవాడు. "సూది అరిగిపోతందమ్మా, మూడుపాలులు పెట్నాను" అనేవాడు. ప్లేటుకో సూది మార్చాలని కంపెనీవాడి నియమం. మావాడు ఒక్క సూదితో పెళ్లీ, మర్నాడు పదహార్రోజుల పండగా కూడా లాగించే ఘనుడు.

ఈ వైరుధ్యం మా మేనత్తగారు ఒక్కరే పట్టుకున్నారు. ఆవిడకి ఇంటివెనక జాజిపందిరి ఉండేది. "పువ్వు కొయ్యకపోతే పందిరి మొద్దుబారిపోతుందిరా. కొమ్మ కత్తిరించినకొద్దీ విరగబూస్తుంది. కవిగారు తోట వెయ్యలేదు కాబోలు" అనేవారు. తోటపని తెలిసినవాళ్లకి అది అక్షరసత్యం. జాజి, మల్లె లాంటివి కత్తిరిస్తేనే కొత్తచిగురు, కొత్తచిగురుకే మొగ్గ. ఇంతా చెప్పి ఆవిడే, ప్లేటు పెట్టగానే పని మానేసి గుమ్మంలో చతికిలబడి వినేవారు. "మరి మీకు నచ్చనప్పుడు ఎందుకు వింటారత్తా?" అంటే, "పువ్వుల కోసం కాదురా, ఆయన అలా అడుగుతూంటే ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది" అన్నారు. విమర్శకులు పేజీలు నింపి చెప్పలేనిది అదే అనుకుంటాను. ఆ గొంతు మనల్ని జవాబు అడుగుతుంది.

విమర్శకులంటే గుర్తొచ్చింది. కరుణశ్రీగారిది మరీ మెత్తని కవిత్వమనీ, కన్నీళ్లు కుండలతో కొలిచి పోస్తారనీ గీచినవాళ్లు లేకపోలేదు. కోడి విలాపాలనీ అవనీ ఇవనీ పేరడీలు కూడా పుట్టాయి. పద్యం అంతలా నోళ్లలో నానిందనడానికి పేరడీ కంటే సాక్ష్యం ఏం కావాలి? నా మటుకు నాకు, కాగితం మీద చదివితే కొన్ని పద్యాల్లో తీపి ఎక్కువే అనిపిస్తుంది. ప్లేటు మీద ఆ తీపి ఘంటసాలగారి గొంతులోని గంభీరానికి తగిలి సమంగా దిగుతుంది. లేతపద్యానికి ముదురుగొంతు. లేతగొంతుతో పాడి ఉంటే జావ అయిపోయేది. గుంటూరు జిల్లా కొమ్మూరులో 1912లో పుట్టి, గుంటూరు ఏ.సి. కాలేజీలో తెలుగు చెప్పి, 1992లో వెళ్లిపోయిన పాపయ్యశాస్త్రిగారి పుస్తకాలు కొన్నవాళ్లు వేలల్లో ఉంటే, పద్యాలు విన్నవాళ్ల లెక్క ఎవరికి తెలుసు? కన్నబిడ్డని గంగలో వదిలే "కుంతికుమారి" కూడా ఈ ఇద్దరి కలయికే. అదీ గొప్పదే గాని, దానికి భారతం అండ ఉంది. పువ్వులకి ఎవరి అండా లేదు.

బుద్ధుడి ప్రస్తావన మా చెవిన ఇంకో రకంగా పడేది. అనకాపల్లి పక్కన సంకరం అనే ఊరుంది. సంఘారామం అన్నమాటే అరిగి అరిగి సంకరం అయింది. అక్కడ బొజ్జన్నకొండ, లింగాలకొండ. బొజ్జన్న ఎవరనుకున్నారు? బుద్ధుడే. కొండని తొలిచిన గుహలు, రాతిలో చెక్కిన చిన్నచిన్న స్తూపాలు బారులు బారులుగా ఉంటాయి. జనం బుద్ధుణ్ణి మరచిపోయి, స్తూపాల్ని లింగాలనుకుని, బుద్ధన్నని బొజ్జన్నని చేసి, కనుమనాడు తీర్థం చేసుకుంటూ వచ్చారు. పేరు పోగొట్టుకుని కూడా ఆ దేవుడు అక్కడే కూర్చున్నాడు. ప్లేటులో పువ్వు "బుద్ధుడి నేల" అన్నప్పుడు గుంటూరువాళ్లకి అమరావతి గుర్తొస్తుందేమో. మాకు మాత్రం కనుమ తీర్థంలో చెరుకుముక్క నములుతూ ఎక్కిన కొండ.

ఇప్పుడు ఈ ప్లేటు సంగతి ఎందుకు తీశానంటే, ఒక బాధ ఉంది. ఘంటసాలగారు పోవడానికి కొద్దికాలం ముందు, ఒంట్లో బాగులేని రోజుల్లో, భగవద్గీత పాడారు. 700 శ్లోకాల్లోంచి నూటికి పైచిలుకు ఏరి, తెలుగు తాత్పర్యంతో సహా రికార్డు చేశారు. 1974లో ఆయన పోయాక లాంగ్‌ప్లేగా బయటికొచ్చింది. గొప్ప పని. అందులో ఆ గొంతు తూచినట్టు నడుస్తుంది. అయితే జనం దానికి పట్టించిన గతి చూడండి. ఏ ఊళ్లోనైనా పొద్దున్నే మైకులో ఆ గీత వినిపించిందంటే వీధిలోకొచ్చి "ఎవరు పోయారు?" అని అడుగుతున్నారు. శవవాహనానికి గొట్టం కట్టి ఇదే పెడతారు. ఇంట్లో పొరపాటున పెడితే పెద్దవాళ్లు "ఆపరా, అశుభం" అంటారు. యుద్ధం చెయ్యవయ్యా లే అని బతికున్నవాడికి చెప్పిన గ్రంథం, పోయినవాడి చెవిలో ఊదుతున్నాం. గీత సంగతి కృష్ణుడు చూసుకుంటాడు. నాకు దిగులల్లా ఘంటసాలగారి గురించి. ఈ ఇరవై ముప్ఫై ఏళ్లలో పుట్టిన పిల్లలు చాలామంది ఆ గొంతుని మొట్టమొదట వినడం చావు ఊరేగింపులో. ఆ గొంతు వినగానే వాళ్లకి పూలదండలు గుర్తుకొస్తాయి. ఏ దండలో చెప్పక్కర్లేదు. మా తరానికి అదే గొంతు తెల్లవారుజామున, పెళ్లిపందిట్లో, పువ్వుల తరఫున ప్రాణం అడుగుతూ పరిచయమయింది. ఒకే మనిషి. రెండు రికార్డులు. ఏది ముందు విన్నామన్నదాన్ని బట్టి ఆయన ఎవరో మారిపోతున్నారు.

అందుకని మా మనవడికి ముందు పువ్వుల పద్యాలు వినిపించాను. సెల్‌ఫోనులో చిటికెలో వచ్చేశాయి. ప్లేటు తిప్పే పనిలేదు, కీ లేదు, సూది లేదు. మధ్యలో ఆగకుండా మొదటినుంచి చివరిదాకా ఒక్క బిగిన సాగిపోయింది. వాడు విని, "తాతా, మరి ఆయన పూజ చేశాడా, చెయ్యలేదా?" అన్నాడు. మా చిన్నతనంలో ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. "చెయ్యలేదనే అనుకుంటాను, ఉత్తచేతులతో వచ్చాడుగా" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే ఆ రోజు దేవుడు ఊరుకున్నాడా?" అన్నాడు. ఇంకోసారి పెట్టమన్నాడు.

మా ఇంటి ప్లేటు ఇంకా ఉంది. పాత వార్తాపత్రికలో చుట్టి ట్రంకుపెట్టెలో పడుకునుంది. పాడించే పెట్టె లేదు. అంచున ఒక చోట వెంట్రుకవాసి చీలిక. పెట్టె ఉన్న రోజుల్లో సూది ఆ చీలిక మీదికి వచ్చినప్పుడల్లా టక్కుమనేది. చుట్టుకో టక్కు చొప్పున పదీ పదిహేను చుట్లు. ఆ టక్కులు దాటాకే పద్యం తేటగా వచ్చేది. సెల్‌ఫోనులో అవి లేవు, ఎవరో శుభ్రంగా కడిగేశారు. అయినా ఆ చోటు రాగానే వింటున్నవాణ్ణి కాస్త ఆగి, అవి దాటిపోయేదాకా ఊరుకుని, అప్పుడు మళ్లీ వినడం మొదలెడతాను.